ఆకులు తొడిగిన ఇంటూ

నేను ఒక రేకును. ఆరడుగుల పొడుగు, నాలుగడుగుల వెడల్పు, మూలల్లో నాలుగు చిల్లులు. నా గురించి చెప్పుకోవడానికి అంతకంటే పెద్దగా ఏమీ లేదు. కానీ ఒకప్పుడు నా చేత మాట్లాడించాలని పెద్దవాళ్లు చాలా తాపత్రయపడ్డారు. ఏం మాట్లాడానో వాళ్లకి ఇప్పటికీ తెలియదు. అందుకని చెబుతున్నాను.

ఎక్కడో ఒక ఫ్యాక్టరీలో రెండు ఇనప రోలర్ల మధ్య నుంచి చపాతీలా బయటికి వచ్చాను. నాతోపాటు వచ్చినవాళ్లు కొందరు గోడౌన్లకి కప్పులయ్యారు. కొందరు ట్రంకుపెట్టెలయ్యారు. నేను బోర్డునయ్యాను. బోర్డు అంటే, తనకేమీ తెలియకపోయినా నలుగురికీ చెప్పే రేకు. మనుషుల్లో కూడా ఇలాంటివాళ్లు ఉంటారని తర్వాత చూశాను.

నన్ను మొదట కొన్నది పళ్ల మాణిక్యం. బస్టాండు పక్కన గొడుగు వేసుకుని కూర్చుని పళ్లు పీకేవాడు, పళ్లు కట్టేవాడు. నా మీద ముప్పయి రెండు పళ్లు వేయించాడు. ఒక్కొక్క పన్ను ఇటుకంత. పంటి నొప్పితో వచ్చినవాళ్లు ఆ పళ్లు చూసి, నొప్పి తగ్గిపోయిందని చెప్పి వెనక్కి పోయేవారు. ఏడాది తిరక్కుండా మాణిక్యం వేరే ఊరు వెళ్లిపోయాడు. పోతూ పోతూ నన్ను, నా మీద పళ్లు వేసిన పెయింటరుకే ఇచ్చేశాడు.

బొమ్మ మాట్లాడుతుంది, నిజమే. కానీ ఏం మాట్లాడుతుందన్నది బొమ్మ వేయించినవాడి చేతిలో ఉండదు. నాకు ఇది మాణిక్యం దగ్గరే తెలిసింది.

ఆ పెయింటరు పేరు ముత్యాలు. అప్పటికే అరవై దాటాయి. మూడో తరగతితో బడి మానేశాడు. అక్షరాలు ముత్యాల్లా వేసేవాడు కానీ, 'అ' అంటే అతనికి అక్షరం కాదు, ఒక వంపు. ఎక్కువ మాట్లాడడు. నాలుగు మాటలు కావలసిన చోట రెండు అంటాడు. రెండు చాలే చోట తలూపుతాడు. అతని పెరటి గోడకి ఆనుకుని చాలాకాలం ఉన్నాను. ఆ గుణం నాకూ కొంత అబ్బింది.

ఇక గెడ్డ సంగతి. మా వైపు గెడ్డ అంటే కొండ మీద నుంచి దిగి పట్నం మధ్యగా సముద్రంలోకి పోయే వాగు. పట్నం పెరిగాక అందులో నీళ్ల కంటే మిగతావి ఎక్కువయ్యాయి. దాని ఒడ్డున పల్లెల నుంచి వచ్చిన కూలీల గుడిసెలు ఉండేవి. పట్నంలో ఆరంతస్తులవీ ఎనిమిదంతస్తులవీ కట్టింది వాళ్లే. కట్టడం అయిపోయాక వచ్చి ఈ గుడిసెల్లో పడుకునేవారు.

ఒకసారి గెడ్డని వెడల్పు చేయాలని అనుకున్నారు. కాగితాలున్న గుడిసె ఉండొచ్చు, లేనిది పోవాలి. ఏది ఏదో తెలియడానికి గుర్తు పెట్టాలి. ముత్యాలుకి ఒక ఎర్రరంగు డబ్బా, ఒక లిస్టు ఇచ్చారు. ఉండే గుడిసెకి టిక్కు. పోయే గుడిసెకి ఇంటూ మార్కు. ఒక్క పూటలో పని అయిపోయింది. పిల్లలు అతని వెనకే తిరిగారట. "తాతా, మా ఇంటికీ బొమ్మెయ్యి, మా ఇంటికీ" అని. వేశాడు.

పదిహేను రోజులకి పసుపుపచ్చ మిషను వచ్చింది. ఇంటూ ఉన్నవాటినే పడగొట్టింది. చాలా పద్ధతిగా పడగొట్టిందని అందరూ చెప్పుకున్నారు. పడిపోయిన గుడిసెలవాళ్లు ఎక్కడికీ పోలేదు. పోవడానికి ఎక్కడుంది? పది గజాలు ఇవతలికి జరిగి టార్పాలిన్లు కట్టుకున్నారు.

మిషను వచ్చిన రోజు ముత్యాలు ఇంటికొచ్చి ఎర్ర డబ్బా నా పక్కన పెట్టాడు. అడుగున కొంచెం రంగు మిగిలే ఉంది. అన్నానికి పిలిస్తే లేవలేదు. ఎందుకని వాళ్లావిడ అడిగింది. "ఆకల్నేదు" అన్నాడు. అంతే.

రెండు నెలల తర్వాత చక్రపాణి అనే ఆఫీసరు ముత్యాలుని వెతుక్కుంటూ వచ్చాడు. గెడ్డ ఒడ్డు పిల్లలకి టీకాలు పడటం లేదు. ఆ చుట్టుపక్కల తట్టు కనిపిస్తోంది. తొమ్మిది నెలలు నిండగానే తట్టు సూది వేయించాలని తల్లులకి తెలియాలి. వాళ్లకి చదువు రాదు కాబట్టి బొమ్మల ద్వారా తెలియజేయడం ఆయన ఉద్యోగం. ఆయన మంచివాడే. ఇంతదూరం ఎండలో నడిచి వచ్చాడు, పెరట్లో నిలబడే మాట్లాడాడు, మంచినీళ్లు కూడా అడగలేదు.

"అక్షరం ఒక్కటి కూడా వద్దు ముత్యాలూ. బొమ్మే మాట్లాడాలి."

ముత్యాలు తలూపాడు.

ఆయన కాగితం విప్పి చూపించాడు. "ఎడమ పక్క తట్టు పోసిన పిల్లాడు. ఒళ్లంతా ఎర్ర చుక్కలు. వాడి మీద ఈ మూల నుంచి ఆ మూలకి ఎర్రటి ఇంటూ. అంటే, ఇది వద్దు. కుడి పక్క తల్లి, బిడ్డ, సూది పట్టుకున్న నర్సు. పిల్ల బొద్దుగా ముద్దుగా ఉండాలి. పక్కన టిక్కు. అంటే, ఇది కావాలి. అర్థమైందా?"

"ఇంటూ వొద్దండి."

"ఏం?"

"బాగోదండి."

"బాగుండటానికి కాదయ్యా, అర్థం కావడానికి. ఇంటూకి ప్రపంచంలో ఎక్కడికి పోయినా ఒకటే అర్థం."

ముత్యాలు నోరు తెరిచాడు. ఆయన గడియారం చూసుకున్నాడు. ముత్యాలు నోరు మూసుకున్నాడు. ఆ రెండో మాట అక్కడే ఉండిపోయింది. అది బయటికి రావడానికి రెండు నెలలు పట్టింది.

నా పళ్ల మీద తెల్లరంగు పూశాడు. ఆరాక ఎడమ పక్క పిల్లాణ్ని వేశాడు. కాగితంలో ఎలా ఉన్నాడో అలాగే. నలుపు, బక్క, ఒంటి మీద బట్టల్లేవు, జుట్టు రేగి ఉంది. కుడి పక్క పిల్లకి గులాబీ బుగ్గలు, కుచ్చుల గౌను, కాళ్లకి బూట్లు. వాళ్లమ్మకి పట్టుచీర, తలనిండా పూలు. చివర్లో ఇంటూ. దానికి కొత్త డబ్బా తేలేదు. ఎర్ర డబ్బా అడుగున మిగిలిన రంగు సరిగ్గా సరిపోయింది.

అదే రంగు, అదే కుంచె, అదే చెయ్యి.

నన్ను గెడ్డ ఒడ్డున వీధి కుళాయి పక్కన రెండు ఇనప గుంజలకి బిగించారు. చక్రపాణి గారు నా పక్కన నిలబడి ఫోటో తీయించుకుని వెళ్లారు. ఆయన జీపు మలుపు తిరిగిందో లేదో, బిందెలు పట్టుకుని ఆడవాళ్లు చేరారు. వాళ్లకి చదువు రాదన్నది నిజమే. కానీ నన్ను అంత శ్రద్ధగా చదివినవాళ్లు ముందూ లేరు, తర్వాతా లేరు.

ముందు నిలబడ్డది ఎర్నమ్మ. గుడిసె పోయినవాళ్లలో ఒకామె. డెబ్భై ఏళ్ల మనిషి, గొంతు మాత్రం మొత్తం గెడ్డకి సరిపోతుంది. ఆమె వెనక కోడలు నీలవేణి, నీలవేణి చంకలో ఎనిమిది నెలల మనవరాలు గవిరి.

"ఇదెవుల గుంటడే?" అంది ఎర్నమ్మ. మా వైపు గుంటడంటే పిల్లాడు, గుంటంటే పిల్ల.

"మన గుంటడే అత్తా. సూడు, ఒంటిమీద బట్టల్నేవు."

"మరి ఆ పక్క గుంటో?"

"అది బిల్డింగులోల గుంట. కాళ్లకి బూట్లున్నాయి."

"నడక రాని గుంటకి బూట్లెందుకే?" అని వెనక నుంచి ఎవరో అన్నారు. "ఎత్తుకున్న తల్లి సీర పాడైపోడానికా?"

నవ్వుకున్నారు. ఎర్నమ్మ నవ్వలేదు. దగ్గరకొచ్చి ఇంటూ మీద వేలు పెట్టి, ఈ మూల నుంచి ఆ మూల దాకా జరిపింది.

"ఈ గీత నాకు తెల్సు," అంది. "మా తలుపు మీద గీసినది ఇదే. అప్పుడు ఇళ్లు. ఇప్పుడు గుంటలు."

ఒకామె చంకలో బిందె దించేసింది.

"ఓలమ్మా! మొన్న నర్సమ్మొచ్చి మన గుంటల పేర్లు, పుట్టిన తారీకులు రాసుకెళ్లినాది కాదేటి?"

"ఇళ్లు కూల్చినోళ్లూ అలగే రాసుకెళ్లినారు. ఎంతమంది, ఏ ఊరు, కాయితం ఉన్నాదా నేదా అని."

"బిల్డింగు గుంట ఉంటాది. దానికి టిక్కు. మన గుంటలు పోవాల. మనకి గీత."

"అమ్మోరు పోసిన గుంటడి మీద గీత గీసినాడే! ఆడి సెయ్యి పుచ్చిపోను."

ఇలా చదివారు. ఒక్క మాట తప్పు పోలేదు. నా మీద ఉన్నదే చదివారు. ఆఫీసరు గారు నా మీద రాయించాననుకున్నది వేరు, అంతే తేడా.

బుధవారం నర్సమ్మ సువార్త వచ్చింది. భుజాన నీలం రంగు ఐసు డబ్బా. నా కింద ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని మధ్యాహ్నం దాకా కూర్చుంది. ఒక్క తల్లీ రాలేదు. ఆ ఒడ్డున ఎప్పుడూ ఎవరూ పిల్లల్ని కనలేదన్నంత నిశ్శబ్దం. ఏదో టార్పాలిన్ వెనక ఒక పసిగొంతు లేస్తుంది, వెంటనే ఎవరో నోరు నొక్కుతారు. సువార్త లేచి నీలవేణి దగ్గరకి వెళ్లింది.

"గవిరి ఏది?"

"ఊరెల్లిపోనాది."

"ఎవరితో?"

నీలవేణి అత్త వైపు చూసింది. అత్త అక్కడే ఉంది. మామ అక్కడే ఉన్నాడు. మొగుడు బీడీ కాలుస్తూ అక్కడే ఉన్నాడు.

"ఒక్కర్తే."

"ఎనిమిది నెలల పిల్ల ఒక్కర్తీ ఎలా వెళ్లిందే?"

"బస్సెక్కి."

సువార్త నవ్వు ఆపుకోలేక వెనక్కి తిరిగింది. నాలుగు బుధవారాలు అలాగే జరిగాయి. నవ్వు మాత్రం మొదటి బుధవారమే వచ్చింది.

ఆమె పైకి చెప్పింది, తల్లులు రావడం లేదని. చక్రపాణి గారు ఆలోచించారు. ఇంటూ సన్నగా ఉండి సరిగ్గా కనిపించడం లేదేమో, రెండింతలు లావు చేయించమన్నారు. ముత్యాలు మళ్లీ వచ్చాడు. ఈసారి చేతిలో కొత్త ఎర్ర డబ్బా. అతన్నీ ఆ డబ్బానీ చూడగానే పిల్లలు ఎక్కడివాళ్లక్కడ మాయమయ్యారు. తలుపుల్లేని గుడిసెలు కాబట్టి గోనెపట్టాలు దించుకున్నారు. ముత్యాలు అదంతా చూశాడు. చూస్తూనే ఇంటూని లావు చేశాడు. కుంచె కూడా కడగకుండా వెళ్లిపోయాడు.

తర్వాత తట్టు వచ్చింది. నాకు ఎదురుగా ఉన్న టార్పాలిన్‌లోకే వచ్చింది. అక్కడ రాజులు అని రెండేళ్ల పిల్లాడు. వాళ్లమ్మ గుమ్మానికి రెండు వేపమండలు కట్టింది. చల్లటి పదార్థాలే పెట్టింది. లోపల పోపు వేయలేదు, గట్టిగా మాట్లాడలేదు. అమ్మవారు తనంతట తనే దిగిపోతుందని నాలుగు రోజులు చూశారు. ఐదో రోజు వాడికి ఊపిరి అందలేదు. ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. సాయంత్రం తిరిగి తెచ్చారు.

వాళ్లమ్మ చేతుల్లో వాడు నాకు స్పష్టంగా కనిపించాడు. ఒంటిమీద బట్టల్లేవు. జుట్టు రేగి ఉంది. చక్రపాణి గారి కాగితంలో ఎలా ఉన్నాడో అలాగే ఉన్నాడు.

మర్నాడు సువార్త వచ్చింది. నీలవేణి గవిరిని దాచలేదు. నా గుంజ పట్టుకుని ఏడ్చింది. "ఇంటూ ఎట్టిన ఇల్లు పోనాది నర్సమ్మా. ఇంటూ ఎట్టిన గుంటడు పోనాడు. మా గుంట పేరు నీ పుస్తకంలో ఉన్నాది. దాన్ని కొట్టియ్యమ్మా, నీకు దణ్ణమెడతాను."

సువార్త నీలవేణిని చూసింది. తల ఎత్తి నన్ను చూసింది. చాలాసేపు చూసింది. నన్ను చదవడం ఆమెకి అప్పటికి వచ్చింది.

గవిరికి ఆ వారమే తొమ్మిది నెలలు నిండాయి. రాజులు గుడిసెకీ గవిరి గుడిసెకీ మధ్య ఉన్నది ఒక గోనెపట్టా. బుధవారానికి ఇంకా మూడు రోజులుంది. ఆలోగా తల్లీ నాయనమ్మా ఒప్పుకోకపోతే, ఆ పిల్ల సంగతి ఏమవుతుందో చెప్పడానికి బొమ్మ అక్కర్లేదు.

సువార్త ముత్యాలుకి కబురుపెట్టింది. అతను సంచి భుజాన వేసుకుని వచ్చి నా ముందు నిలబడ్డాడు.

"ముత్యాలుగారూ, ఆ ఇళ్ల మీద ఇంటూలు వేసింది ఎవరు?"

"నానే."

"దీని మీద?"

"నానే."

"వీళ్లు దీన్ని ఎలా చదువుతున్నారో తెలుసా మీకు?"

"తెల్సు."

"ఎప్పట్నించి?"

"ఎయ్యకముందునించి."

సువార్త మొహం ఎర్రబడింది. "మరి చెప్పొచ్చు కదయ్యా! నోట్లో ఏం పెట్టుకున్నావు?"

"సెప్పినాను."

"ఏమని?"

"బాగోదని."

ఆమె కుర్చీలో కూలబడింది. ఇంతలో ఎర్నమ్మ వచ్చింది. ఎర్ర డబ్బా కోసం అతని సంచి వైపు చూసింది.

"ఓరి పెయింటరూ! ఇంకెవులి మీద గీత్తావురా? నా మీద గియ్యి. ఇల్లు గీసినావు, ఇల్లు పోనాది. గుంటణ్ని గీసినావు, గుంటడు పోనాడు. గీత పడనిదాన్ని నానే ఉన్నాను, రా, ఈ బుగ్గ మీదోటి, ఆ బుగ్గ మీదోటి."

ముత్యాలు నేలమీద కూర్చున్నాడు. తర్వాత మాట్లాడాడు. అతను అంత పొడుగ్గా మాట్లాడటం నేను అంతకుముందు వినలేదు, తర్వాతా వినలేదు.

"అప్పా, ఇళ్లకాడ ఆళ్లు గియ్యమన్నారు. గీసినాను. ఇక్కడ ఈళ్లు గియ్యమన్నారు. గీసినాను. ఆ గీతకీ ఈ గీతకీ సమ్మందం నేదు. ఇది రోగం మీద గీసినది, గుంటడి మీద కాదు. మీకు అలగ కనబడతాదని నాకు తెల్సు. ఆ రోజే ఆయనకి సెప్పాల. సెప్పనేదు. రెండోసారి లావు సెయ్యమన్నప్పుడైనా సెప్పాల. సెప్పనేదు. ఆ గుంటడు పోనాడు. తప్పు నా గీతది, ఈ నర్సమ్మ సూదిది కాదు. సూదిలో నా గీత నేదు. నీ గుంటకి ఏయించు."

ఎర్నమ్మ వేలెత్తి ఇంటూని చూపించింది.

"ముందర ఆ గీత తీసెయ్యి. దాని కింద కూకుని నా గుంటకి సూది ఏయించను."

"గవర్నమెంటు బోర్డు మామ్మా," అంది సువార్త. "చెరిపితే నాకు మెమో ఇస్తారు."

ముత్యాలు లేచాడు. అడుగు వెనక్కి వేసి, కళ్లు చికిలించి, నన్ను చాలాసేపు చూశాడు.

"సెరపను," అన్నాడు.

సంచిలోంచి ఆకుపచ్చ డబ్బా తీశాడు. ఇంటూలో ఒక గీతకి కింద నుంచి మొదలుపెట్టి, ఇటొక ఆకు, అటొక ఆకు. సన్నగా, కొసదేరి, అంచులు రంపంలా. పైదాకా వెళ్లాడు. తర్వాత రెండో గీత. కొసలకి రెండు తెల్లటి పూతగుత్తులు. ఎర్రగీతలు ఆకుల మధ్య రెమ్మల్లా మిగిలాయి. కుళాయి దగ్గర బిందెలు నిండి పొర్లుతున్నా ఎవరూ కట్టలేదు.

"వేపమండలే!" అంది నీలవేణి.

అవును. తట్టు పోసిన పిల్లాడి మీద అడ్డంగా రెండు వేపమండలు. అమ్మవారు పోసిన ప్రతి గుమ్మానికీ కట్టేవే. దాన్ని చదవడానికి ఎవరికీ ఎవరూ నేర్పక్కర్లేదు. ఇంట్లో పిల్ల జబ్బుగా ఉంది, జాగ్రత్త. అంతే దాని మాట.

ఎర్నమ్మకి ధైర్యం వచ్చింది. ఇక ఆఫీసరు ఆమే.

"ఆ పక్క గుంటకి బూట్లు తీసెయ్యి. ఆ గౌనూ తీసెయ్యి, ఉక్క. మొలతాడు కట్టు. రంగు తగ్గించు, మరీ సున్నమేసినట్టున్నాది. ఓరి నాయనా, బుగ్గ మీద సుక్క ఏదిరా? ఇన్నాళ్లూ గుంటని సుక్క నేకుండా బజార్లో నిలబెట్టినావా! దిష్టి తగలదా?"

చుక్క మాత్రం ముత్యాలుని పెట్టనివ్వలేదు. పెనం అడుగున మసి వేలికి రాసుకొచ్చి తనే పెట్టింది. బొమ్మ తల్లికి పట్టుచీర పోయి నూలుచీర వచ్చింది. మొహం నీలవేణిది వచ్చింది.

"నా ముక్కు అంత లావేటి?" అంది నీలవేణి.

"ఎక్కువే. బొమ్మలో తగ్గించినాడు," అన్నాడు వాళ్లాయన. రాజులు పోయాక ఆ ఒడ్డున మొదటిసారి ఎవరో నవ్వారు.

ముత్యాలు టిక్కు దగ్గర కుంచె ఆపి ఎర్నమ్మని చూశాడు. "సెరిపెయ్యనా అప్పా?"

"ఉండనీ. ఇన్నాళ్లకి మా గుంటకి ఒక టిక్కొచ్చినాది. దాన్నీ సెరిపేత్తావేటి?"

బుధవారం మొదటి సూది గవిరికి. ఒక్క అరుపు అరిచింది. "నెమ్మదిగా పొడవలేవా? నీకు పిల్లల్లేరేటి?" అని ఎర్నమ్మ సువార్తని తిట్టింది. ఆ తర్వాత మిగతా తల్లులు ఒక్కొక్కరే వచ్చారు. రాజులు తల్లి చివర్లో వచ్చింది. ఆమె చేతిలో రాజులు చెల్లెలు. ఇద్దరు ముగ్గురు రాలేదు. వచ్చే బుధవారానికి గవిరి బతికే ఉందని చూసుకుని అప్పుడు వచ్చారు. తట్టు ఇంకో రెండు గుడిసెలు చూసి, గవిరి దగ్గరకి రాకుండా పోయింది.

పుస్తకంలో అంకెలు పెరిగాయి కాబట్టి చక్రపాణి గారు వచ్చారు. నన్ను చూసి ఆయన మొహం మాడిపోయింది.

"ఇంటూ ఏది?"

"ఉందండి," అంది సువార్త. "లోపల ఉంది."

"ఎవరు చెప్పారు ఇవన్నీ వేయమని? బూట్లేవి?"

సువార్త పుస్తకం చూపించింది. ఆయన పేజీలు తిప్పారు. మొహం నెమ్మదిగా మామూలైంది. ఆ తర్వాత ఆయన ఒక రిపోర్టు రాశారని, స్పష్టమైన గుర్తులు వాడితే చదువురాని తల్లులకి వెంటనే అర్థమవుతుందని నిరూపించారని విన్నాను. రిపోర్టులో నా ఫోటో కూడా ఉందట. మొదటి రోజుది. ఇంటూ ఉన్నది. ఆయనకి శాలువా కప్పారు. ఆ ఫోటోనే పెద్దగా చేసి, వందల కొద్దీ ఫ్లెక్సీలు వేయించి, జిల్లాలో గుడిసెలున్న ప్రతిచోటా కట్టమని ఆర్డరు వచ్చింది.

ఒకటి మా దగ్గరకీ వచ్చింది. దాన్ని కట్టడానికి నన్ను ఊడదీశారు. తప్పు చదువుతారేమోనని సువార్త భయపడింది. ఆ అవసరం రాలేదు. వానాకాలం. మూడో రోజుకే ఫ్లెక్సీ ఎవరి గుడిసె మీదో కప్పుగా ఉంది, బొమ్మ లోపలి వైపుకి. తడవకుండా పడుకున్న పిల్లలు ఇంటూని చూస్తూ నిద్రపోయేవారు. దాని వల్ల జరిగిన మేలు అది.

నన్ను ఎర్నమ్మ పట్టుకుపోయింది. "నా మనవరాలి బొమ్మ. నానెవులికీ ఇవ్వను." మళ్లీ కట్టుకున్న గుడిసెకి నన్నే తలుపు చేసింది.

ముత్యాలు అప్పుడప్పుడు వచ్చేవాడు. ఆకులకి కొత్త రంగు పూసి, టీ తాగి వెళ్లేవాడు. ఆకుపచ్చ డబ్బా ఒకటి చూరు కింద ఉంచేశాడు. గవిరి నడక వచ్చాక అతని పక్కన గొంతుక్కూర్చుని, ఆకు ఎలా వేస్తారో చూసేది. అది ప్రశ్నలు అడిగేది, అతను తలూపేవాడు. గుడిసెల మీద మార్కులు వేయడానికి అతన్ని మళ్లీ పిలిచారట. వెళ్లనన్నాడు. ఎందుకని అడిగారు. ఈసారి చెప్పాడు. ఏం చెప్పాడో నాకు తెలియదు, మళ్లీ పిలవలేదు. కిందటేడు పోయాడు.

ఎండకీ ఉప్పుగాలికీ నా రంగు పొరలు లేస్తున్నాయి. బొమ్మ గవిరి పొట్ట దగ్గర తెల్లరంగు ఊడి, కింద నుంచి మాణిక్యం పళ్లు బయటికొస్తున్నాయి. ఇప్పుడు గవిరికి ఐదేళ్లు. ఒకరోజు అడిగింది.

"మామ్మా, నా పొట్టలో పళ్లున్నాయేటి?"

"నేకపోతే అంత అన్నం ఎవులు నమిలినారే?"

కిందటి వారం మళ్లీ సర్వే వాళ్లు వచ్చారు. ఇప్పుడు డబ్బా, కుంచె లేవు. చేతిలో ఒక గొట్టం, నొక్కితే బుస్సుమంటుంది. పెద్దవాళ్లు పనుల్లోకి పోయిన వేళ వచ్చి, వరసగా బుస్సు బుస్సుమని ఇంటూలు కొట్టుకుంటూ పోయారు. నా మీదా కొట్టారు, వెలిసిపోయిన పాత మండల మీదుగా, నిండుగా. గవిరి ఒక్కర్తే ఉంది. ఆ గీతల్ని అటూ ఇటూ తిరిగి చూసింది. దానికి ఇంటూ అంటే తెలియదు. ఎవరో రెండు మండలు వేసి, ఆకులు వేయడం మర్చిపోయి వెళ్లిపోయారనుకుంది.

చూరు కింద డబ్బా తీసింది. పైన గట్టిపడ్డ మీగడని పుల్లతో పొడిచింది. వేలు ముంచి ఆకులు వేసింది. అప్పడాలంత ఉన్నాయి ఆకులు. ముత్యాలు ఉంటే తలూపేవాడు. మిగతా పిల్లలు చేరి, "మా ఇంటికీ ఎయ్యే, మా ఇంటికీ" అన్నారు. ఆ మాట ఆ ఒడ్డున అంతకుముందొకసారి అన్నదే. డబ్బా అయిపోయేదాకా వేసింది.

బుధవారం సువార్త వచ్చింది. తల నెరిసింది, భుజాన ఐసు డబ్బా అదే. గవిరికి ఐదేళ్ల సూది వేసింది. గురువారం పొద్దున పిల్లకి ఒళ్లు వెచ్చగా ఉండి లోపల పడుకుంది. అప్పుడు పసుపుపచ్చ మిషను వచ్చింది. వరసలో మొదటిది మా గుడిసే. మిషను డ్రైవరు నా ముందుకొచ్చి ఆపేశాడు.

"ఇంటూ ఏదండి?"

లిస్టు పట్టుకున్నాయన చూశాడు. "ఉండాలే. మొదటి నంబరు."

డ్రైవరు కిందికి దిగాడు. మా వైపు మనిషే, మాటలో తెలుస్తోంది. నా దగ్గరకొచ్చి, చూసి, అప్రయత్నంగా చెప్పులు విడిచాడు. "వేపమండలండి. ఈ లైనంతా వేపమండలే. లోపల అమ్మోరున్నాది."

"అది బొమ్మరా!"

"బొమ్మయితే మాత్రం? ఓ మామ్మా, లోపలెవులు?"

"నా మనవరాలు బావూ," అంది ఎర్నమ్మ. "ఒళ్లు కాలిపోతున్నాది. పడుకున్నాది."

అది నిజమే. సూది మాట మాత్రం ఆమె ఎత్తలేదు. చెప్పకుండా ఉండటం వల్ల ఒక పిల్లాడు పోవడం ఈ ఒడ్డున చూశాను. చెప్పకుండా ఉండటం వల్ల ఒక ఇల్లు నిలవడమూ ఇక్కడే చూశాను. ఏది ఎప్పుడో నాకు తెలియదు, నేను రేకును.

"నానెట్టను మిషను," అన్నాడు డ్రైవరు. లిస్టాయన ఫోనులో చాలాసేపు మాట్లాడాడు. మిషను వెనక్కి తిరిగింది. వచ్చేవారం వస్తారట. రావచ్చు. లిస్టులో ఇంటూ ఉంది, దానికి ఆకులు వేయడం కుదరదు.

గవిరికి జ్వరం సాయంత్రానికే తగ్గింది. లేచి వచ్చి నన్ను తడిమి చూసుకుంది. నూట రెండు ఆకులు వేశానని అందరికీ చెబుతోంది. దానికి ఇరవై దాకానే లెక్క వచ్చు.

వచ్చే నెల దాన్ని బడిలో వేస్తారట. తప్పు లెక్క మీద టీచరు ఎర్రపెన్నుతో ఇంటూ పెడుతుంది కదా. ఆ పుస్తకం ఇంటికి ఎలా వస్తుందో చూడాలని ఉంది. అప్పటికి నేను తలుపుగానే ఉంటే చూస్తాను.